ఐడిల్‌లో 17 చూపించిన గేజ్: నా అనుభవం

నా పాత పెట్రోల్ కారుకి టర్బో, కొత్త ఎగ్జాస్ట్ వేయించాక వైడ్‌బ్యాండ్ గేజ్ కూడా పెట్టించుకున్నాను. ఎగ్జాస్ట్ గొట్టంలోని సెన్సర్‌తో పొగలో ఆక్సిజన్ కొలిచి, ఇంజన్‌లో గాలి, పెట్రోల్ నిష్పత్తి చూపించే మీటర్ అది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, 14.7 దగ్గర (బరువులో ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి) ఉండాల్సిన రీడింగ్ 17 దాటేది, అంటే పెట్రోల్ తక్కువైనట్టు. యాక్సిలరేటర్ తొక్కి 3000 ఆర్‌పీఎం దాటిస్తే మళ్లీ మామూలే. సెన్సర్ పోయిందనుకుని కొత్తది కొన్నాను. డబ్బు దండగ, అదే 17.

స్పార్క్ ప్లగ్ విప్పినప్పుడు అనుమానం వచ్చింది. పెట్రోల్ నిజంగా తక్కువైతే ప్లగ్ తెల్లబడాలి. ఇదేమో దీపం మసిలా నల్లగా ఉంది, వేలికి అంటుకుంది. అంటే సెన్సర్ మాట నమ్మి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తోంది!

ఇంజన్ చల్లారాక బ్లోయర్ గొట్టాన్ని సైలెన్సర్‌లో దూర్చి, చుట్టూ గుడ్డ కుక్కి, సెన్సర్‌కి ముందున్న జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లాను. టర్బో తర్వాతి ఫ్లాంజ్ (గొట్టాలను బోల్టులతో కలిపే అంచు) దగ్గర బుడగలు బుసబుసా పొంగాయి. ఐడిల్‌లో ఎగ్జాస్ట్ ఒత్తిడి తక్కువ కదా, పొగ విడతలు విడతలుగా వస్తుంది, ఆ పల్స్‌కీ పల్స్‌కీ మధ్య ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వచ్చేస్తుంది. సెన్సర్ చూసింది ఆ ఆక్సిజన్‌నే. ఆర్‌పీఎం పెరిగితే పొగే బయటికి తోసుకొస్తుంది, అందుకే తేడా కనపడలేదు.

వంగిన ఫ్లాంజ్‌ను ఆకురాయితో సాపు చేసి, కొత్త గాస్కెట్ వేసి బిగించాను. ఇప్పుడు 14.6, 14.8 మధ్య ఊగుతోంది. పాత సెన్సర్ కూడా పెట్టి చూశాను, శుభ్రంగా పనిచేస్తోంది. కొత్తది డబ్బాలో కూర్చుంది.