రిపోర్టులన్నీ నార్మల్, నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు: అలాంటి ఒంటితో రోజులు నెట్టుకురావడం ఎలా

తెనాలిలో నాది జాకెట్లు కుట్టే షాపు. పదిహేడేళ్లుగా ఇదే పని. 2019 శ్రావణంలో, సరిగ్గా ఆర్డర్లు మీద పడే వేళ, ఓ జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది. జ్వరం పోయింది గానీ నేను మళ్లీ మామూలు మనిషిని కాలేదు. భుజాలు, నడుము, పిక్కలు పచ్చిపుండులా సలపరం. ఎనిమిది గంటలు పడుకుని లేచినా రాత్రంతా మిషను తొక్కినట్టు అలసట. చేతిలో టేపు పట్టుకుని టేపు కోసం షాపంతా వెతకడం.

రెండేళ్లలో నలుగురు డాక్టర్లు, మధ్యలో కరోనా. రక్తం, థైరాయిడ్, షుగరు, కీళ్లవాతం ఉందేమో చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్, వెన్ను ఎమ్మారై. ఫైలు తలగడంత అయింది. చివరి డాక్టరు గారు "అన్నీ నార్మలేనమ్మా, టెన్షన్ తగ్గించుకో" అంటూనే తర్వాతి పేషెంటుని పిలిచారు. బయటికొచ్చి ఆటోలో ఏడ్చాను. రోగం లేదన్నందుకు కాదు. ఏదో ఒక రోగం ఉందని చెబుతారేమోనని ఆశపడ్డానే, అందుకు సిగ్గేసి.

మీరూ అలా ఏడ్చిన వాళ్లయితే ఇది మీకోసమే. నేను డాక్టర్ని కాను. ఇన్నేళ్లలో నాకు పనికొచ్చింది, పనికి రానిది చెబుతాను.

నార్మల్ అంటే ఏం చెప్పినట్టు?

ఒక పరీక్ష ఒక ప్రశ్నకే జవాబిస్తుంది. ఎమ్మారైలో ఎముక కనిపిస్తుంది, డిస్కు కనిపిస్తుంది, నొప్పి కనిపించదు. నరాలకి కరెంటు పెట్టి చూసే పరీక్ష లావు నరాల సంగతే చెబుతుంది. మంటని, సూదులు గుచ్చినట్టుండడాన్ని మోసే సన్న నరాలు దానికి అందవు. నా టేపుతో నడుము ఎంతో చెప్పగలను, బట్ట ఉతికితే రంగు పోతుందో లేదో చెప్పలేను కదా. అలాగని టేపు అబద్ధం చెప్పినట్టు కాదు. నార్మల్ అని వచ్చిన ప్రతి కాగితం ఒక పెద్ద జబ్బు అనుమానాన్ని తగ్గించినట్టే. నాకు అది అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

అయితే "ఇంకో పరీక్ష, ఇంకో పరీక్ష" అని పరిగెత్తకండి. ల్యాబు వాళ్ల నార్మల్ హద్దులు చాలావరకు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నూటికి 95 మందిని లోపల ఉంచేలా గీసినవే. అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేయిస్తే, ఏ జబ్బూ లేని వాళ్లలో కూడా దాదాపు ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక అంకె పక్కన హద్దు దాటిందని నక్షత్రం పడుతుంది. పండగ ఆఫర్లో 72 పరీక్షల ప్యాకేజీ తీసుకుని, ఆ నక్షత్రం కోసం ఇంకో మూడు వేలు పోసింది నేనే. చివరికి ఏమీ లేదు.

మరి అడగదగ్గది ఒకటి ఉంది. మామూలు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఉంటుంది గానీ, ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతో చెప్పే ఫెరిటిన్ ఉండదు. నా హిమోగ్లోబిన్ 12.2. ఆడవాళ్లకి 12 దాటితే రక్తహీనత లేనట్టే, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఐదో డాక్టరమ్మ మాత్రం "నెలసరి ఎన్నాళ్లుంటుంది?" అని అడిగి ఫెరిటిన్ రాశారు. 9 వచ్చింది. 15 కంటే తక్కువైతే నిల్వలు అయిపోయినట్టు లెక్క. మూడు నెలలు ఐరన్ మాత్ర వేసుకుంటే మెట్లెక్కేటప్పుడు ఆయాసం పోయింది, జుట్టు ఊడడం తగ్గింది. నొప్పి? రవ్వంత కూడా తగ్గలేదు. ఒక మనిషికి రెండు మూడు విడివిడి కారణాలుండొచ్చు, ఒకటి దొరికింది కదాని మొత్తం దొరికినట్టు కాదు. ఆ మాత్ర టీతో వేసుకోకండి, టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. పూర్తి శాకాహారులు, షుగరుకి చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు బి12 విటమిన్ సంగతి కూడా డాక్టరుని అడగండి.

పుస్తకం పెట్టండి

నా దగ్గర కస్టమర్ల కొలతల పుస్తకాలు పదకొండున్నాయి. నా ఒంటికి ఒక్కటీ లేదు. డాక్టరమ్మ అడిగినప్పుడే తట్టింది. అప్పటిదాకా "ఎప్పుడు నొప్పి?" అంటే "ఎప్పుడూ" అనేదాన్ని. ఆ జవాబుతో ఏ డాక్టరూ ఏమీ చేయలేరు.

రోజుకి నాలుగే గీతలు. నిద్ర ఎన్ని గంటలు, లేచాక హాయిగా ఉందా లేదా. నొప్పి ఎక్కడ, పదికి ఎంత. ఆ రోజు చేసిన పని. నెలసరి రోజైతే ఒక చుక్క. అంతకు మించి రాస్తే వారంలో మానేస్తారు. నా పుస్తకంలో ఒక వారం చూడండి:

సోమ: 2 జాకెట్లు. నొప్పి 4.
మంగళ: పెళ్లివాళ్లవి. 5 జాకెట్లు. కటింగ్ నిలబడి రెండున్నర గంటలు. నొప్పి 4. హుషారుగానే ఉన్నా.
బుధ: 3 చీరలకి ఫాల్. నొప్పి 5.
గురు: లేవలేకపోయా. భుజాలు 9. దువ్వెన పట్టుకోలేదు. పిండి అత్తయ్య రుబ్బారు.
శుక్ర: 8. షాపు మూసేశా.

మంగళవారం చేసిన పనికి గురువారం దెబ్బ పడింది. నాలుగు వారాలు రాస్తే నాలుగుసార్లూ అంతే. అప్పటిదాకా గురువారం తిన్న వంకాయనో, ఆ రోజు మబ్బునో తిట్టుకునేదాన్ని. బాగున్న రోజున ఎక్కువ పని చేయడమే నా జబ్బుకి మేత అని పుస్తకం చూపించింది, ఎమ్మారై కాదు.

లేచి నిలబడగానే కళ్లు తిరిగే వాళ్లు ఇంకోటి చేయండి. కరోనా నాడు కొన్న ఆక్సీమీటరు ఏ సొరుగులోనో పడి ఉంటుంది. పది నిమిషాలు పడుకుని నాడి ఎంతో రాసుకోండి. లేచి నిలబడి, పది నిమిషాలపాటు రెండేసి నిమిషాలకి ఒకసారి రాయండి. పక్కన ఒక మనిషి ఉండాలి; తూలితే వెంటనే కూర్చోవాలి. పెద్దవాళ్లలో నాడి నిమిషానికి 30 గానీ అంతకు మించి గానీ పెరిగి అక్కడే నిలబడిపోతుంటే ఆ కాగితం డాక్టరుకి చూపించండి. అలా పెరిగే జబ్బుని పాట్స్ అంటారు. నాకు 18 పెరిగింది, నాది అది కాదు. మా చెల్లెలి కూతురిది మాత్రం అక్కడే బయటపడింది.

డాక్టరు దగ్గర ఏడు నిమిషాలు

ఫైలంతా ముందు పెట్టకండి. ఒక్క కాగితం: ఎప్పుడు మొదలైంది, ఇప్పుడేం చేయలేకపోతున్నాను, ఏ మందులు వాడాను, ఏవి పడలేదు. "ఒళ్లంతా నొప్పులండీ" అనే బదులు "చీర కుచ్చిళ్లు పెట్టుకునేంతసేపు చేతులు ఆడించలేకపోతున్నానండీ" అనండి. తేడా మీకే తెలుస్తుంది. తర్వాత మూడు ప్రశ్నలు: ఇంతవరకు ఏవి కావని తేలింది? ఏ లక్షణం కొత్తగా వస్తే మీ దగ్గరికి పరిగెత్తుకు రావాలి? ఏమీ రాకపోయినా మళ్లీ ఎప్పుడు రమ్మంటారు? ఈ మూడో ప్రశ్న వేసినప్పటి నుంచి నేను డాక్టర్లని మార్చడం మానేశాను. మూడు నెలలకోసారి ఒకే డాక్టరమ్మ, అంతే.

ఆవిడే గుంటూరులో కీళ్లవాతం డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన నా పుస్తకం పది నిమిషాలు తిరగేసి ఫైబ్రోమయాల్జియా అన్నారు, అంటే ఒళ్లంతా నొప్పులు, అలసట నెలల తరబడి వదలని జబ్బు. దీనికి రక్తపరీక్ష లేదు. 1990 నాటి లెక్కలో ఒంటి మీద 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పంటే ఆ పేరు పెట్టేవారు. 2010లో కొత్త లెక్క వచ్చాక ఆ నొక్కుడు తప్పనిసరి కాదు. నొప్పి ఎన్నిచోట్ల ఉంది, నిద్ర, అలసట, మతిమరుపు ఎంత, మూడు నెలలు దాటిందా అన్నదే చూస్తారు. అంటే మనం చెప్పేదే పరీక్ష.

ఆయన "నొప్పిని మోసే వ్యవస్థ బిగిసిపోయింది" అన్నారు. నాకు మిషను మీద దారం బిగువు సరిచేసే టెన్షన్ మరే గుర్తొచ్చింది. బట్ట మంచిదే, దారం మంచిదే, సూది కొత్తదే. ఆ మర ఒక్క చుట్టు ఎక్కువ బిగిస్తే కుట్టంతా ముడతలు పడుతుంది. బట్టని వంద పరీక్షలు చేసినా తప్పు దొరకదు. టెన్షన్ తగ్గించుకోమన్న ఆ పాత డాక్టరు తెలియకుండానే సగం నిజం చెప్పారన్నమాట. ఆ మర ఎక్కడుందో, ఎటు తిప్పాలో మాత్రం చెప్పలేదు.

అందరికీ పేరు దొరుకుతుందని చెప్పను. దొరకకపోయినా కింద చెప్పేవి పనిచేస్తాయి.

గుడ్డ ఎంతుందో చూసి కత్తెర వేయండి

పుస్తకంలో దెబ్బ పడని రోజులన్నీ చూసి, ఆ రోజుల్లో ఎంత పని చేశారో లెక్కేయండి. అందులో కొంత తగ్గించండి. అదే మీ రోజు. నాది మూడు జాకెట్లు. మొదట రెండు, ఏడాది తర్వాత మూడు అయింది. నొప్పి లేని రోజున కూడా మూడే. అన్నిటికంటే కష్టం ఇదే. ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజున నాలుగోది చేతిలోకి తీసుకోకుండా ఉండడం.

కటింగ్ బల్ల కాళ్ల కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచాను, వంగడం తగ్గింది. ఇరవై నిమిషాలకి ఫోన్లో అలారం. మోగగానే కుట్టు మధ్యలో ఉన్నా లేచి, భుజాలు వదులు చేసి, ఐదు నిమిషాలు చాప మీద వాలిపోవడం. నిలబడి చేసే పనీ కూర్చుని చేసే హెమ్మింగూ ఒకదాని తర్వాత ఒకటి. కాజాలు, హుక్కులు ఒక అమ్మాయికి ఇచ్చేశాను. డబ్బు తగ్గింది, నిజమే. షాపు మూసే రోజులు తగ్గాయి కాబట్టి నెల చివర లెక్క దాదాపు అక్కడికే వస్తోంది.

నడక సంగతి జాగ్రత్త. ఫైబ్రోమయాల్జియాకి మెల్లగా పెంచే నడక మంచిది. నేను ఐదు నిమిషాలతో మొదలుపెట్టి పాతిక దాకా వచ్చాను. కానీ కొద్దిపాటి శ్రమకే రోజుల తరబడి పడిపోయే వాళ్లుంటారు, దాన్ని ఎంఈ/సీఎఫ్‌ఎస్ అంటారు. వాళ్లని వారం వారం వ్యాయామం పెంచుకుంటూ పొమ్మనడం తగదని ఇంగ్లండులో వైద్యానికి మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2021లోనే చెప్పింది. "నడిస్తే అన్నీ పోతాయి" అనే బాబాయిలకి ఇది వినిపించండి.

మందులు

నాకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ చాలా చిన్న మోతాదులో ఇచ్చారు. మెడికల్ షాపు కుర్రాడు "ఇది డిప్రెషన్‌కి కదా ఆంటీ" అంటే మండిపోయి వారం రోజులు వేసుకోలేదు. అడిగితే తెలిసింది, చిన్న మోతాదులో నిద్రకి, నొప్పికి పనిచేస్తుందని. నోరు ఎండుతుంది, పొద్దున మొదటి గంట మత్తుగా ఉంటుంది, నిద్ర మాత్రం పట్టింది. రోజూ నొప్పికని డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగడం మానండి, కడుపుకీ కిడ్నీలకీ చేటు. పేరు లేని పొట్లాల మందు రెండు రోజుల్లో మాయ చేసినట్టు తగ్గిస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమో అనుమానించండి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, అది ప్రమాదం. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పుస్తకంలో రాయకూడనివి

కొన్ని రాసుకుంటూ కూర్చునేవి కావు. తిండి మామూలుగా తింటున్నా బరువు తగ్గడం, వదలని జ్వరం, రాత్రి చెమటలు, విరేచనంలో రక్తం, కీలు వాచి ఎర్రబడడం: ఆ వారంలోనే డాక్టరు. ఛాతీ నొప్పి, మూతి వంకర, మాట తడబాటు, ఒక చెయ్యి పడిపోవడం, నడుం నొప్పితో పాటు మూత్రం తెలియకుండా పోవడం లేదా ఆగిపోవడం: ఆ గంటలోనే, 108. "మళ్లీ మొదలెట్టావా" అని ఇంట్లో అంటారని ఆగకండి. పాత జబ్బున్న వాళ్లకి కొత్త జబ్బు రాకూడదని లేదు.

ఇంట్లో

మా అత్తయ్య ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేశారు. నేను వద్దనలేదు, నమ్మింది కాబట్టే చేసింది పాపం. మా ఆడపడుచు మాత్రం "మొన్న పేరంటంలో బాగానే నవ్వావుగా వదినా" అంది. దానికి జవాబు లేదు. నవ్వాను, మర్నాడు పడుకున్నాను. మర్నాడు ఆవిడ చూడలేదు.

వివరించడం మానేసి అంకె చెప్పడం మొదలుపెట్టాను. మా ఆయన పొద్దున్నే "ఇవాళ ఎంత?" అంటారు. ఐదు లోపైతే కాఫీ నాది, ఆరు దాటితే ఆయనది. మా అన్న ఏడేళ్ల మనవడికి కూడా అర్థమైపోయింది.

మనసు కుంగడం వేరే సంగతి. నొప్పికి కారణం మనసే అని ఒప్పుకోనక్కర్లేదు, కానీ ఏళ్ల తరబడి నొప్పితో ఉంటే మనసు కుంగకుండా ఎలా ఉంటుంది? చచ్చిపోతే బాగుండు అనిపించిన రాత్రి నేను 14416కి ఫోన్ చేశాను. టెలీమానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నలభై నిమిషాలు విన్నారు. టెన్షన్ అనలేదు.

షాపు గోడ మీద ఇప్పుడు అట్ట కట్టాను: రోజుకి మూడే. మొన్న ఒకావిడ ఆరు జాకెట్ గుడ్డలు తెచ్చి, "శుక్రవారం పెళ్లక్కా, గురువారానికి కావాలి" అంది. రెండిస్తాను, మిగతావి సోమవారం అన్నాను. కోపంగా ఆరూ పట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు రెండు తెచ్చింది.