కష్టకాలంలో సర్కారు ఖర్చు, 4వ పాఠం: ఖాతా కట్టిన నెల

పోయిన పాఠంలో 2020-21 కేంద్ర ప్రభుత్వ ఖర్చును జీడీపీతో భాగించమన్నాను. ముందు ఏడాది 13 శాతం పైచిలుకు ఉన్నది 17 దాటిందని చాలామంది సరిగ్గానే తేల్చారు. కానీ కింద "కరోనా ఏడాదిలో ప్రభుత్వ పాత్ర అంతా పెరిగింది" అని రాసేశారు. చిక్కు అక్కడే వచ్చింది. ముందే హెచ్చరించాల్సింది, పొరపాటు నాది.

హారం తగ్గినా శాతం పెరుగుతుంది కదా అని కొందరు అడిగారు. నిజమే, కానీ ఇక్కడ జీడీపీ దాదాపు 201 లక్షల కోట్ల నుంచి 198కి దిగిందంతే. ఖర్చే 26.9 నుంచి 35.1 లక్షల కోట్లకు ఎగబాకింది.

ఇప్పుడు ఆ ఖర్చును విప్పండి. ఆహార సబ్సిడీ 1.09 లక్షల కోట్ల నుంచి 5.41కి పోయింది. ఇదంతా ఉచిత బియ్యమే అనుకుంటే తప్పు. కిరాణా కొట్లో నెలల తరబడి ఖాతా రాయించుకుని ఒకేసారి కట్టామనుకోండి. ఆ నెల ఖర్చు భారీగా కనిపిస్తుంది, తిన్నది మాత్రం పాత నెలల్లో. భారత ఆహార సంస్థ చేత చిన్న పొదుపుల నిధి నుంచి ఏళ్లుగా అప్పు చేయించి, ప్రభుత్వం ఆ ఏడాది తీర్చింది. ఆ పాత్ర ముందే పెరిగింది, పుస్తకంలోకి ఆలస్యంగా ఎక్కింది. పేపర్లలో కూడా ఈ తేడా చెప్పకుండా రాస్తుంటే నాకు చిరాకు.

నేను బడ్జెట్ అంచనాలు ముట్టుకోను. 2020-21 వాస్తవ లెక్కలకు 2022-23 బడ్జెట్ పత్రాలు తెరుస్తాను.

కష్టం తీరాక ఖర్చు దిగుతుందా? ఉపాధి హామీ 2019-20లో 71,687 కోట్లు, తర్వాతి ఏడాది 1,11,170, ఆపైన 98,468, 90,806. దిగింది, పాత మెట్టు దాకా దిగలేదు. రేషన్ బియ్యం సంగతి ఇంకా స్పష్టం. 2020 ఏప్రిల్‌లో మూడు నెలలకని మొదలైన అదనపు 5 కిలోలు 2022 డిసెంబరుతో ఆగాయి. కానీ మన షాపుల్లో కిలోకు రూపాయి ఇచ్చి తెచ్చుకున్న మామూలు కోటా 2023 జనవరి నుంచి ఉచితమైంది. 2024 జనవరి నుంచి దాన్ని మరో ఐదేళ్లకు పొడిగించారు.

అభ్యాసం: 2007-08 నుంచి 2010-11 దాకా ఇదే లెక్క కట్టండి. రెండు పూటలు పడుతుంది. చమురు, ఎరువుల బాండ్లు (సబ్సిడీకి నగదు బదులు ప్రభుత్వం కంపెనీలకు ఇచ్చిన అప్పు పత్రాలు) లోటులో కనిపించవు, విడిగా వెతకండి. రైతు రుణమాఫీని 2008 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించారు, ప్రపంచ ఆర్థిక సంక్షోభాన్ని ముదిరేలా చేసిన అమెరికా బ్యాంకు లేమాన్ కుప్పకూలింది సెప్టెంబరులో. దాన్ని సంక్షోభ ఖర్చులో వేస్తారా, వేయరా? కారణం రాయండి.