ఎస్‌ఎస్‌డీ నుంచి హోమ్ అసిస్టెంట్ బూట్ కావట్లేదా?

ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌ని ఎస్‌డీ కార్డు నుంచి ఎస్‌ఎస్‌డీకి మార్చాక, అది నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు రాస్‌బెరీ పై 4 మొరాయిస్తే అందరూ ముందు డిస్కునే తిడతారు. తప్పు దానిది కావడం అరుదు.

సమస్య: ఎర్ర లైటు ఉంది, డిస్కు జోలికే పోదు.
బోర్డును మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్, అంటే బూట్‌లోడర్, పాతదై ఉంటుంది. కంప్యూటర్‌లో రాస్‌బెరీ పై ఇమేజర్ (కార్డు మీద సాఫ్ట్‌వేర్ రాసే ప్రోగ్రామ్) తెరిచి, అందులో మిస్క్ యుటిలిటీ ఇమేజెస్, బూట్‌లోడర్, యూఎస్‌బీ బూట్ వరుసగా ఎంచుకుని ఏదైనా ఖాళీ కార్డు మీద రాయండి. ఆ కార్డుతో ఆన్ చేస్తే ఆకుపచ్చ లైటు ఆగకుండా గబగబా మిణుకుతుంది, టీవీ తగిలిస్తే తెరంతా ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు కరెంటు ఆపి కార్డు తీసేయండి. పాత హోమ్ అసిస్టెంట్ కార్డు కూడా లోపల ఉంచొద్దు. కార్డులోనూ డిస్కులోనూ డేటా పార్టిషన్ (డేటా ఉండే భాగం) పేరు ఒకటే, ఏది తెరవాలో బోర్డుకి తెలియదు.

సమస్య: సగంలో ఆగుతుంది, లేదా ఉన్నట్టుండి రీస్టార్ట్.
ఎక్కువసార్లు తగిలేది ఇదే. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. ఫోన్ చార్జర్ మీద 33 వాట్లు అని ఉన్నా అది ఎక్కువ వోల్టేజీ దగ్గర లెక్క, 5 వోల్టుల దగ్గర ఇచ్చేది తక్కువే కావచ్చు. పైగా సన్న కేబుల్ కొంత మింగేస్తుంది. 4.63 వోల్టుల కిందికి జారితే బోర్డు తక్కువ వోల్టేజీ హెచ్చరిక ఇస్తుంది. నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే. డిస్కుతో పాటు డాంగిళ్లు (యూఎస్‌బీకి తగిలించే చిన్న పరికరాలు) కూడా ఉంటే సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టండి.

హైదరాబాద్‌లో వేసవి గాలివానకి కరెంటు పోయి వచ్చినప్పుడే రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టర్ వెనక చూడండి. ఈకో, యూపీఎస్ అని స్విచ్ ఉంటే యూపీఎస్‌కి మార్చండి, కరెంటు పోగానే త్వరగా అందుకుంటుంది.

సమస్య: బూట్ అవుతుంది, కానీ నిమిషాల తరబడి నత్తనడక. లాగ్‌లో యూఏఎస్ ఎర్రర్లు.
కోఠి గుజరాతీ గల్లీలో కొన్న పేరులేని సాటా కేబుల్ (ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీకి కలిపేది) అయితే అందులోని చిప్‌కి యూఏఎస్, అంటే యూఎస్‌బీ డిస్కుతో వేగంగా మాట్లాడే పద్ధతి, పడకపోవచ్చు. డిస్కును నీలం పోర్టు (యూఎస్‌బీ 3) నుంచి నల్ల పోర్టుకి (యూఎస్‌బీ 2) మార్చి చూడండి. అది పరీక్ష మాత్రమే, వేగం పడిపోతుంది. తర్వాత చిప్ ఐడీ కనుక్కుని, బూట్ పార్టిషన్‌లోని కమాండ్‌లైన్ ఫైలులో ఆ చిప్‌కి యూఏఎస్ వాడొద్దని చెప్పే క్విర్క్స్ సెట్టింగు చేర్చండి. కొత్త లైను కొట్టొద్దు, ఉన్న ఒక్క లైనులోనే రాయాలి. ఈ తంటా వద్దనుకుంటే కేబుల్ మార్చడమే సుఖం.

సమస్య: అంతా బాగుంది, జిగ్బీ (స్మార్ట్ పరికరాల వైర్‌లెస్ పద్ధతి) బల్బులే పలకట్లేదు.
యూఎస్‌బీ 3 రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది, జిగ్బీ ఉండేదీ అక్కడే. జిగ్బీ డాంగిల్‌ని నల్ల పోర్టుకి మార్చి, మీటరు పొడవున్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డిస్కుకి దూరంగా పెట్టండి.