విండోస్ తెరుచుకోకపోయినా ఫైళ్లు దక్కుతాయి

విండోస్ తెరుచుకోవడం లేదని వెంటనే ఫార్మాట్ చేయించకండి, దయచేసి! చాలాసార్లు చెడేది విండోసే. ఫొటోలు, పత్రాలు డిస్కులో భద్రంగానే ఉంటాయి. మరో కంప్యూటర్‌లో లినక్స్ మింట్‌ను (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఉచితంగా దింపుకొని, రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. అందులో ముందున్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది వాడండి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12 లేదా ఎఫ్9 (కంపెనీని బట్టి మారుతుంది) నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే లినక్స్ దాని నుంచే నడుస్తుంది. తెరపై కనిపించే ‘ఇన్‌స్టాల్’ గుర్తును మాత్రం అస్సలు ముట్టుకోవద్దు. యూజర్స్ ఫోల్డర్‌లోని మీ ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్ వేసే రహస్య తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. అది చాలావరకు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. హార్డ్‌డిస్కు టకటకమంటుంటే ఇవేవీ చేయకుండా ఆపేసి, డేటా రికవరీ నిపుణులకు ఇవ్వండి.