తింటున్నా బిడ్డకు ఒళ్లు పట్టడం లేదా? ఏజెన్సీ పల్లెల్లో ముందు చూడాల్సినవి

సమస్య: ఆరు నెలలు దాటాక బరువు ఆగిపోయింది

పాడేరు వైపు చాలా ఇళ్లలో బిడ్డకు అంబలి పడుతూనే ఉంటుంది, కానీ పలచగా. చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది, బలం అందదు. అంబలి చెంచాలోంచి జారిపోకుండా చిక్కగా కాచండి. అందులో మెత్తగా మెదిపిన పప్పు, ఒక చెంచా నూనె కలపండి. గుడ్డు దొరికిన రోజు గుడ్డు పెట్టండి. తొమ్మిదో నెల నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు తినిపించాలి, తల్లిపాలు మానిపించకూడదు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. తల్లి పొద్దున్నే పోడుకు వెళ్తే తినిపించేది నాయనమ్మో, ఎనిమిదేళ్ల అక్కో. ఇళ్లకు వెళ్లి సలహా చెప్పే మనం అంతా తల్లికే చెప్పి వచ్చేస్తే లాభం లేదు, నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కలిపి చూపించాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి ప్యాకెట్ ఇంట్లో పిల్లలందరూ పంచుకుంటారు. ఆకలి ఉన్న ఇంట్లో అది తప్పు కాదు. అందుకే ఈ బిడ్డ వాటా ముందు తీసి పెట్టమని అడగండి.

సమస్య: మాటిమాటికీ విరేచనాలు, చిక్కిపోవడం

ఊట నీళ్లు మరగబెట్టకుండా తాగడం, సబ్బు లేకుండా చేతులు కడగడం ఎక్కువగా కారణం. ఓఆర్ఎస్‌తో పాటు జింక్ మాత్రలు 14 రోజులు వేయాలి. విరేచనాలు మూడో రోజుకే తగ్గినా ఆపొద్దు. తిండి, పాలు కూడా మానిపించొద్దు.

సమస్య: పాదాలు వాచాయి, లేదా జబ్బ కొలిచే రంగుల టేపు ఎరుపు చూపిస్తోంది

వాపును చూసి బిడ్డ బొద్దుగా ఉన్నాడనుకుంటారు. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి చూడండి. గుంట అలాగే ఉంటే అది తీవ్ర పోషకాహార లోపం. ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినా అంతే. ఇలాంటి బిడ్డ తినలేకపోయినా, జ్వరం ఉన్నా, వాపు ఉన్నా ఇంటి వైద్యంతో రోజులు గడపొద్దు. వెంటనే ఊరికి వచ్చే నర్సు (ఏఎన్ఎం) ద్వారా పోషకాహార పునరావాస కేంద్రానికి పంపించాలి.

చాలామంది తల్లులు రానంటారు. కూలి పోతుందని, ఇంట్లో మిగతా పిల్లల్ని చూసేవాళ్లు లేరని టెన్షన్. అక్కడ తల్లికి భోజనంతో పాటు కూలి నష్టానికి కొంత డబ్బు ఇస్తారని ముందే చెప్పండి. మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారో ఊళ్లోనే మాట్లాడి పెట్టండి. ఇంటికొచ్చాక 15 రోజులకోసారి చొప్పున నాలుగు సార్లు మళ్లీ చూపించాలి, ఆ తేదీలు ఆశా కార్యకర్త దగ్గర రాయించండి.