క్లాట్ రెండోసారి రాయాలా వద్దా: తేల్చుకునే ముందు చేయవలసిన పనులు

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో అయిదేళ్ల లా కోర్సుకు ప్రవేశ పరీక్ష అయిన క్లాట్‌ను డిసెంబరు మొదట్లో రాసి, ఆ నెలలోనే ఫలితం చూసుకున్న ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థికి అనుకున్న ర్యాంకు రాకపోతే ఇంట్లో ఆ రాత్రే చర్చ మొదలవుతుంది. మరో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగు తీసుకోవాలా, వచ్చే సీటుతో సరిపెట్టుకోవాలా, రాష్ట్ర స్థాయి లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి దగ్గర్లోని కాలేజీలో చేరాలా అన్నది ఆ వారంలోనే తేల్చవద్దని నా మనవి. ముందు ఇంటర్ పబ్లిక్ పరీక్షలు బాగా రాయాలి, ఎందుకంటే క్లాట్ మళ్లీ రాసినా జనరల్ విద్యార్థికి ఇంటర్‌లో 45 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 40 శాతం మార్కులు తప్పనిసరి. తర్వాతి క్లాట్‌కు దరఖాస్తులు ఇటీవలి సంవత్సరాల్లో జూలై, ఆగస్టు నెలల్లోనే మొదలవుతున్నాయి, పరీక్షకు గరిష్ఠ వయోపరిమితి కూడా లేదు. ఆగడానికి వీల్లేనిది కౌన్సెలింగ్ ఒక్కటే. మళ్లీ రాయాలనే అనుకుంటున్నా దానికి నమోదు చేసుకోండి. సీటు వచ్చాక కట్టే రుసుములో ఎంత తిరిగి వస్తుందో, ఏ తేదీలోగా వదులుకోవాలో నిబంధనల్లో చదువుకోండి.

పబ్లిక్ పరీక్షలు ముగిశాక మీ క్లాట్ ప్రశ్నపత్రం, మీ జవాబులు, తుది కీ మూడూ పక్కపక్కన పెట్టుకుని ఒక రోజంతా కూర్చోండి. నిర్ణయానికి ఆధారం ఇక్కడే దొరుకుతుంది. ర్యాంకు చెప్పేది మిగతావారితో పోలిస్తే మీరెక్కడ ఉన్నారన్న సంగతి మాత్రమే. మార్కులు ఎక్కడ పోయాయో, అవి ఏడాదిలో తిరిగి వస్తాయో లేదో జవాబులే చెబుతాయి. 2023 డిసెంబరులో జరిగిన పరీక్ష నుంచి క్లాట్‌లో 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. పోయిన ప్రతి మార్కునూ మూడు రకాల్లో ఒకదానిలో వేయండి: విషయం తెలియక పోయినది, సమయం చాలక చదవలేకపోయినది, రెండు ఎంపికల మధ్య తటపటాయించి తప్పు వైపు గీసినది. ఉదాహరణకు 112 ప్రశ్నలకు జవాబిచ్చి 72 సరిగ్గా, 40 తప్పుగా రాసినవారికి వచ్చేది 62. ఆ 40లో 20 కేవలం ఊహించి గీసినవైతే, వాటిని వదిలేసి ఉంటే 67 వచ్చేది. అయిదు మార్కుల తేడా ర్యాంకును ఎంతో మారుస్తుంది, దాన్ని సరిదిద్దడానికి కొత్త పుస్తకమేదీ అక్కర్లేదు.

కరెంట్ అఫైర్స్‌లో తెలియక పోయిన మార్కులు ఏడాది పాటు క్రమంగా పత్రిక చదివితే చాలావరకు తిరిగి వస్తాయి. ఆ విభాగమూ, న్యాయ సూత్రాలను సందర్భాలకు అన్వయించే లీగల్ రీజనింగూ చెరి పావు వంతు ఉంటాయి కాబట్టి ఆ లాభం చిన్నది కాదు. గణితం పదో వంతే. దాని కోసమే ఏడాది పెట్టడం నాకు సబబుగా తోచదు.

ఇంగ్లిషు పేరాలు చదవడంలో పోయిన మార్కుల విషయం వేరు. 2020 నుంచి ప్రశ్నలన్నీ పేరాల మీద ఆధారపడినవే, పరీక్ష ఇంగ్లిషులోనే ఉంటుంది. దాదాపు అదే నిడివి ఉన్న కొత్త పేపరు ఒకటి తీసుకుని గడియారం పెట్టకుండా రాసి చూడండి. మార్కులు బాగా పెరిగితే మీకు అర్థమవుతోంది, వేగమే చాలడం లేదు. రోజూ గంట సేపు సంపాదకీయాలు చదివే అలవాటుతో ఆ వేగం వస్తుంది. సమయం ఎంత ఇచ్చినా మార్కులు అక్కడే ఉంటే లోపం అర్థం చేసుకోవడంలోనే ఉంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన తెలివైన పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. వారికి మరో ఏడాది తప్పకుండా మేలు చేస్తుంది, కానీ ఆ ఏడాదిలో మొదటి ఆరు నెలలు మాక్ టెస్టులు పక్కనపెట్టి చదవడానికే కేటాయించాలి.

చివరి పది మాక్ టెస్టుల సగటును అసలు పరీక్ష మార్కులతో పోల్చడమూ అవసరమే. సగటు కంటే అసలు మార్కులు బాగా తక్కువైతే, జ్వరమో, కంగారో, ఒక విభాగంలో ఇరుక్కుపోవడమో ఏదో జరిగింది, మళ్లీ రాయడానికి అది గట్టి కారణం. రెండూ దగ్గరగా ఉంటే ప్రస్తుతానికి మీ స్థాయి అదే. అప్పుడు వచ్చే ఏడాది చదువు తీరు ఎలా మారుతుందో కాగితం మీద రాయగలగాలి. అది రాయలేకపోతే అదే ఫలితం మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ.

లక్ష్యం ఎంత దూరంలో ఉందో కూడా కొలవాలి. హైదరాబాద్‌లోని నల్సార్‌లోనూ, విశాఖపట్నం దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంలోనూ స్థానికులకు కేటాయింపు ఉంది కాబట్టి, జనరల్ చివరి ర్యాంకు చూసి నిరాశపడకుండా మీ వర్గంలో, మీ రాష్ట్ర కోటాలో గత మూడేళ్ల చివరి ర్యాంకులు చూడండి. మార్కులు సమానమైతే లీగల్ రీజనింగ్‌లో ఎక్కువ వచ్చినవారికే ముందు ర్యాంకు ఇస్తారు. కొద్ది మార్కుల దూరంలో ఆగిపోయినవారు ఆ విభాగాన్ని బలపరచుకుని రెండోసారి రాయడం మంచిదనే అంటాను.

డబ్బు సంగతి ఇంట్లో దాచకుండా మాట్లాడుకోవాలి. చాలా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో హాస్టలుతో కలిపి ఖర్చు ఏడాదికి రెండు లక్షల రూపాయలు దాటుతుంది, అలా అయిదేళ్లు కట్టాలి. దాని మీద లాంగ్ టర్మ్ కోచింగు ఖర్చు భారమైతే, లాసెట్ ద్వారా అయిదేళ్ల కోర్సులో చేరడం తక్కువ దారేమీ కాదు. ఆ పట్టాతోనూ న్యాయవాదిగా నమోదు కావచ్చు, తర్వాత క్లాట్ పీజీ రాసి అవే విశ్వవిద్యాలయాల్లో ఎల్‌ఎల్‌ఎం చదవవచ్చు.

కాలేజీలో చేరి చదువుతూనే డిసెంబరులో మళ్లీ రాసేవారూ ఉన్నారు. సీటు వస్తే మొదటి సంవత్సరం మళ్లీ మొదటి నుంచి చదవాలి కాబట్టి ఇందులోనూ ఒక ఏడాది పోతుంది, కానీ రాకపోతే చేతిలో చదువు ఉంటుంది. ఈ దారి ఎంచుకుంటే చేరే రోజునే, మధ్యలో మానేస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు, టీసీ ఎప్పుడిస్తారో, మిగిలిన సంవత్సరాల ఫీజు అడుగుతారో లేదో కాలేజీ కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోండి.