కొత్త టర్బో కొనే ముందు ఆయిల్ కిందికి దిగే పైపు విప్పి చూడండి

ఒడిశా జయపురంలో ఉన్న మా షెడ్డుకు వచ్చే పాత డీజిల్ కార్లలో చాలావాటి ఓనర్లు జబ్బు పేరు ముందే తెలుసుకుని వస్తారు. "టర్బో పోయిందట మేస్త్రీ, ఎంతవుద్ది?" అంటారు. టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగ తోపుతో రెక్కలు తిరిగి, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది. ఎవరు చెప్పారంటే పార్వతీపురంలో ఒకాయన పొగ చూసి చెప్పాడనో, సాలూరులో ఎవరో శబ్దం విని చెప్పాడనో అంటారు. ఆయిల్ గేజ్ పుల్ల లాగి చూశారా, ఎయిర్ ఫిల్టర్ విప్పారా, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) పైపుల క్లిప్పులు చేత్తో కదిపి చూశారా అని అడిగితే ఒక్కటీ చెయ్యలేదంటారు. పది నిమిషాల పని వదిలేసి వేలకు వేలు పెట్టి టర్బో కొనుక్కున్నవాళ్లను చూసీ చూసీ ఇది రాస్తున్నా.

స్పానర్ పట్టడం, జాకీ వెయ్యడం, బాటరీ టెర్మినల్ తియ్యడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. చెప్పేదంతా పదేళ్లు దాటి, లక్ష కిలోమీటర్లు తిరిగిన టర్బో డీజిల్ కారు గురించి.

ముందు ఇవి చూడండి, దాటేయొద్దు

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బండి సమంగా ఉన్న నేల మీద గేజ్ పుల్ల తీసి తుడిచి మళ్లీ పెట్టి తియ్యండి. ఆయిల్ తక్కువుందా అని మాత్రమే చూస్తారు అందరూ. పై గీత దాటి ఉందా అన్నది కూడా అంతే ముఖ్యం, ఎందుకో కింద చెప్తాను. తర్వాత ఎయిర్ ఫిల్టర్. దమన్‌జోడి వైపు ఎర్ర దుమ్ములో రోజూ తిరిగే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఫిల్టర్ ఆగదు, సగం దూరానికే తీసి చూడాలి. ఆ తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్ణుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు పైపులు. పైనుంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, పగులు ఎక్కువగా కింది వైపున, క్లిప్పు అంచు దగ్గర వస్తుంది. పైపు కింద చెయ్యి పెట్టి తడమండి. ఆయిల్, దుమ్ము కలిసి జిడ్డు ముద్దలా తగిలితే గాలి బయటికి పోతున్న చోటు అదే.

పైపు లోపల పల్చటి ఆయిల్ తడి ఉండడం మామూలే, ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ నుంచి ఆ మాత్రం వస్తుంది. వంచితే ధారగా కారేంత ఉంటేనే ఆలోచించాలి.

ఘాట్ మీద లాగడం లేదు, నల్ల పొగ

నల్ల పొగంటే డీజిల్‌కి సరిపడా గాలి అందడం లేదని అర్థం. సాలూరులో బాగానే లాగిన బండి కోరాపుట్ వైపు సుంకి ఘాట్ ఎక్కుతుంటే చచ్చుబడిపోయిందంటే దానికి లెక్కుంది. కోరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి ఒత్తిడి కింద కంటే పది శాతం దాకా తక్కువ. అదే బలం ఇవ్వడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి. పైపులో చిన్న చిల్లున్నా కింద రోడ్డు మీద తెలియదు, ఘాట్ మీద బయటపడుతుంది.

ఈ పగులు బండి నిలబెట్టి వెతికితే దొరకదు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆడుతుంటే టర్బో ఒత్తిడి ఉండదు, కాబట్టి పగులు మూసుకునే ఉంటుంది. బరువు మీద ఎక్కేటప్పుడే తెరుచుకుంటుంది. పైపు బయటికి తీసి, రెండు చేతులతో వెనక్కి విరిచినట్టు వంచి చూడండి, సన్నని గీత నోరు తెరుస్తుంది. మందు పైపు మార్చడమే. టేపు చుట్టినవాళ్లు మళ్లీ వస్తారు, లోపల బయటి గాలి మీద ఇంకో ఒక బార్ దాకా ఒత్తిడి వస్తుంది, వేడి, ఆయిల్ తడి, టేపు ఎక్కడ నిలుస్తుంది?

పైపులు బాగుండి కూడా లాగకపోతే ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) కార్బన్ పట్టి తెరుచుకునే ఉండిపోయిందేమో చూడండి, విప్పి కడిగితే చాలాసార్లు సరిపోతుంది. రెక్కలు కదిలే రకం టర్బో అయితే దాని పక్కన వాక్యూమ్ డబ్బా, దానికో కడ్డీ ఉంటాయి. చాలా బండ్లలో ఇంజిన్ స్టార్ట్ చెయ్యగానే ఆ కడ్డీ కదలాలి. కదలకపోతే ముందు దానికి వచ్చే సన్నని వాక్యూమ్ గొట్టం చూడండి, ఎండిపోయి చివర చీలి ఉంటుంది, అంగుళం కోసి మళ్లీ తొడిగితే బండి ఎప్పటిలా అయిన రోజులు నా దగ్గర బోలెడు. స్కానర్‌లో పి0299 కోడ్ వచ్చిందని కంగారు పడకండి. బూస్ట్, అంటే టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి, తక్కువగా ఉందని మాత్రమే అది చెప్తుంది, టర్బో పోయిందని చెప్పదు.

శబ్దం

రేస్ ఇచ్చినప్పుడు బుస్సుమంటే గాలి లీకు. అంబులెన్స్ సైరన్‌లా సన్నగా మొదలై పెరుగుతుంటే టర్బో రెక్కలు దాని గోడకు రాసుకుంటున్నట్టు, ఆ బండి ఇక నడపొద్దు. సన్నటి ఈల కొత్తప్పటి నుంచీ ఉందంటే అది దాని గొంతు, వదిలెయ్యండి.

నీలి పొగ, ఆయిల్ తాగుతోంది

అసలు చెప్పాలనుకున్నది ఇదే, ఎందుకంటే ఇక్కడే నేను ఒకాయన డబ్బు పాడు చేశాను.

సెమిలిగుడ నుంచి ఒక ఏడు సీట్ల బండి వచ్చింది. వైజాగ్ కిరాయిలు తిరిగేది. రైల్వే గేటు దగ్గర రెండు మూడు నిమిషాలు ఇంజిన్ ఆడుతూ నిలబడి, మళ్లీ కదిలేటప్పుడు వెనకాల వాళ్లకు దారి కనపడనంత నీలి పొగ. ఇంటర్‌కూలర్ పైపు వంచితే గ్లాసుడు ఆయిల్ కారింది. టర్బో రెక్కలుండే ఇరుసు, అదే షాఫ్ట్, పట్టుకుని కదిపితే పక్కలకు కాస్త ఆడింది, ముందుకూ వెనక్కూ కదలలేదు. పక్కలకు ఆ మాత్రం ఆట ఉండడం మామూలేనని తెలిసి కూడా, పొగ చూసి, టర్బో సీల్ పోయిందని తేల్చేశాను. టర్బో లోపలి కోర్ (షాఫ్టు, రెక్కలు ఉన్న మధ్య భాగం) మార్చాం. రెండు రోజులు బాగుంది. మూడో రోజు ఫోను, "ఏటి మేస్త్రీ, మళ్లీ అదే పొగ." కోర్ లోపభూయిష్టమని ఇంకొకటి తెప్పించి వేశాను. మళ్లీ అదే.

మూడోసారి విప్పినప్పుడు టర్బో కింద నుంచి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌కి ఆయిల్ దిగే పైపును పూర్తిగా బయటికి తీసి టార్చి వెలుగులో చూశాను. వంపు దగ్గర కార్బన్ గట్టిపడి పెచ్చులా పట్టేసి ఉంది, అది మొదటి నుంచీ ఉన్న రోగం. పై మూతి దగ్గర మాత్రం నేను పెట్టిన సైలికాన్ పేస్టు. అక్కడ ఉండాల్సిన ప్యాకింగ్, అంటే అతుకులో కారకుండా వేసే పల్చటి బిళ్ల, జయపురంలో దొరకలేదు, వైజాగ్ నుంచి పార్శిల్ రావాలి, ఆయనకు తొందర, అందుకని పేస్టు పూసి బిగించాను. బిగించినప్పుడు అది లోపలికి ఉబ్బి సగం దారి మూసేసింది. పైపు కడిగి, సరైన ప్యాకింగ్ తెప్పించి వేస్తే పొగ ఆగిపోయింది. రెండు కోర్ల ఖర్చు ఆయన మీద పడింది. నా కూలి వెనక్కి ఇచ్చాను, కానీ ఆ రెండు వారాల కిరాయిలు ఇవ్వలేకపోయాను.

లోపల జరిగేది ఇది. ఆయిల్ టర్బోలోకి పంపు ఒత్తిడితో సన్నని పైపులో వస్తుంది. చిన్న కార్ల టర్బో షాఫ్టు నిమిషానికి ఒకటిన్నర నుంచి 2 లక్షల చుట్లు తిరుగుతుంది, ఆ తిరుగుడుకి ఆయిల్ చిలికిన మజ్జిగలా నురగైపోయి బయటికొస్తుంది. వచ్చేటప్పుడు ఒత్తిడి ఉంటుంది గానీ దిగేటప్పుడు ఏ ఒత్తిడీ ఉండదు, తన బరువుతో తానే కిందికి జారాలి. అందుకే దిగే పైపు లావుగా, వీలైనంత నిటారుగా పెడతారు. ఇక సీల్ అని మనం అనేది రబ్బరు కాదు, పిస్టన్ రింగు లాంటి సన్నని ఇనప రింగు. లోపల ఆయిల్ నిలవకుండా దిగిపోతున్నంత సేపే అది ఆపగలదు. కింద దారి మూసుకుంటే మధ్య గది నిండిపోయి, ఆయిల్ ఒక పక్క సైలెన్సర్‌లోకి, ఇంకో పక్క ఇంటర్‌కూలర్‌లోకి పోతుంది. స్లోలో ఆడుతున్నప్పుడు రెక్కల వైపు నుంచి ఎదురు తోసే గాలి కూడా ఉండదు కాబట్టి అప్పుడే ఎక్కువ కారుతుంది. నిలబడి కదిలినప్పుడు మబ్బులా పొగ వస్తే ముందు ఈ పైపునే అనుమానించండి.

కార్బన్, పేస్టు కాకుండా ఆయిల్‌ని దిగనివ్వనివి ఇంకో రెండున్నాయి. ఒకటి, చాంబర్‌లో ఆయిల్ పై గీత దాటడం. లీటరు ఎక్కువ పోస్తే మంచిదనుకుని పోసేవాళ్లు ఉన్నారు, దిగే దారికి అదే అడ్డం. ఎక్కువైనది తీసేస్తే రూపాయి ఖర్చు లేకుండా పొగ ఆగుతుంది. రెండోది బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్లలోంచి ఒత్తిడి చాంబర్‌లోకి దిగడం. ఇంజిన్ స్లోలో ఆడుతుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తలకిందులుగా అక్కడే పెట్టండి. కాస్త వణికితే పర్లేదు. ఎగిరి పడితే, రంధ్రంలోంచి గుప్పుగుప్పున పొగ తన్నితే చాంబర్‌లో ఒత్తిడి పెరిగి దిగే ఆయిల్‌ని పైకే తోస్తోందన్న మాట. ముందు బ్రీదర్ పైపు, దాని డబ్బా విప్పి డీజిల్‌తో కడిగి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే కంప్రెషన్ టెస్టు చేయించండి. పిస్టన్ రింగులు అరిగిన ఇంజిన్‌కి ఎంత మంచి టర్బో వేసినా అదీ పొగే వదులుతుంది, అలాంటి బండికి టర్బో అమ్మేవాళ్ల మాట వినకండి.

పైపు పని చేసేటప్పుడు రెండు చివర్లూ విప్పి బయటికి తియ్యండి, పైనుంచి తొంగి చూస్తే వంపులో ఉన్నది కనపడదు. రాత్రంతా డీజిల్‌లో నానబెట్టి, తీగకు గుడ్డ కట్టి ఈ చివర నుంచి ఆ చివరకు లాగండి. మధ్యలో రబ్బరు ముక్క ఉంటే కొత్తది వెయ్యండి, పాత రబ్బరు లోపలి పొర ఊడి వేడికి ముడుచుకుంటుంది, చల్లగా ఉన్నప్పుడు చూస్తే బాగానే ఉంటుంది. చాంబర్ వైపు మూతి కూడా వేలు పెట్టి చూడండి. ప్యాకింగ్ కంపెనీ కొలతదే వాడండి, పేస్టు చుక్క కూడా వద్దు. దొరకకపోతే పార్శిల్ వచ్చేదాకా బండి ఆపండి.

నిజంగానే టర్బో పోతే

షాఫ్ట్ ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేంత కదిలినా, రెక్కలు గోడకు గీరినా, విరిగినా అప్పుడు మార్చండి. అయితే పాతది చాలాసార్లు ఆయిల్ అందకే చచ్చిపోయి ఉంటుంది, కాబట్టి టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నని పైపు కడిగి వాడకుండా కొత్తది వెయ్యండి. కొన్ని ఇంజిన్లలో ఆ పైపు బోల్టులో చిన్న జాలీ ఉంటుంది, అది మూసుకుపోతే కొత్త టర్బో కూడా నిలవదు. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ తప్పనిసరిగా మార్చాలి. ఇంటర్‌కూలర్ విప్పి లోపలి ఆయిల్ మొత్తం వంపేయాలి. ఇది బద్ధకించొద్దు, ప్రాణం మీదికొస్తుంది. అక్కడ నిలిచిన ఆయిల్‌ని ఇంజిన్ పీల్చుకుంటే దాన్నే డీజిల్‌లా కాల్చుకుంటూ రేస్ తనంతట తానే పెరిగిపోతుంది, తాళం తిప్పేసినా ఆగదు. అలా జరిగితే గేర్లు మార్చే బండిలో బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, పెద్ద గేరు వేసి క్లచ్ వదిలెయ్యండి, ఇంజిన్ ఆగిపోతుంది. గాలి లోపలికి వెళ్లే మూతికి చెక్క ముక్క అడ్డం పెట్టినా ఆగుతుంది. చెయ్యి మాత్రం పెట్టకండి.

తెల్ల పొగ, రేడియేటర్ నీళ్లు తగ్గడం రెండూ ఉంటే హెడ్ ప్యాకింగ్ సంగతి, టర్బో వైపు చూడనక్కర్లేదు. మానిఫోల్డ్ పగలడం, సైలెన్సర్‌లో కన్వర్టర్ మూసుకోవడం అప్పుడప్పుడూ వస్తాయి, పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

కొత్త టర్బో బిగించాక పైనున్న ఆయిల్ రంధ్రంలో ఆయిల్ నింపి, రెక్కలు చేత్తో తిప్పి, ఇంజిన్ అంటుకోకుండా రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా సెల్ఫ్ కొట్టండి. తర్వాత స్టార్ట్ చేసి నాలుగైదు నిమిషాలు రేస్ ఇవ్వకుండా వదలండి. ఘాట్ ఎక్కి పొట్టంగిలో టీకి ఆగినప్పుడు వెంటనే తాళం తియ్యకుండా ఒకటి రెండు నిమిషాలు ఆడనివ్వండి, ఆయిల్ దిగే పైపులో కార్బన్ పట్టేది వేడి మీద ఆపేసినప్పుడే. వారం తిరిగాక దిగే పైపు బోల్టులు ఒకసారి స్పానర్‌తో చూసి, ఇంటర్‌కూలర్ కింది పైపు విప్పి లోపల వేలితో తుడవండి. వేలికి పల్చటి తడి మాత్రమే అంటితే మళ్లీ బిగించేసి బండి వాడుకోండి.